తల మీద చెయ్యి

హిందూపురంలో ఒక ఆడపిల్లల బడిలో సాంఘిక శాస్త్రం చెప్పే రోజుల్లో, ప్రాథమిక హక్కుల పాఠం రాగానే పిల్లలను ఒక ప్రశ్న అడిగేదాన్ని. ఇన్ని హక్కుల్లో ఒక్కటే ఉంచుకుని మిగతావి వదులుకోమంటే మీరు దేన్ని ఉంచుకుంటారు? పుస్తకంలో లేని ప్రశ్న కాబట్టి పిల్లలకు సరదాగా ఉండేది. మాట్లాడే హక్కు అని ఎక్కువమంది అనేవాళ్లు, ఎందుకంటే నా క్లాసులో అది వాళ్లకు లేదు. పరిగి నుంచి వచ్చి మేనత్త ఇంట్లో ఉండి చదువుకునే ఒక పిల్ల మాత్రం, "నీళ్ల హక్కు యాడుండాది టీచర్? బుక్కులో లేదే?" అని అడిగింది.

అందరూ అయ్యాక నా జవాబు చెప్పేదాన్ని. ఓటు. అదొక్కటి చేతిలో ఉంటే మిగతావన్నీ వెనక్కి తెచ్చుకోవచ్చు అనేదాన్ని. ఒకసారి ముందు బెంచీలో పిల్ల లేచి, "ఓటు ప్రాథమిక హక్కుల్లో లేదు టీచర్, అది వేరే అధ్యాయంలో ఉంది" అంది. నిజమే, లేదు. పాఠం బాగా చదివిన పిల్లను మెచ్చుకోవాల్సింది పోయి, కూర్చోమని గట్టిగా అరిచాను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. కానీ ఆ రోజు వచ్చింది ఉత్త కోపం కాదు. నా లెక్కలో ఓటు విలువ నా ప్రాణం. మా అమ్మ నా తల మీద చెయ్యి పెట్టి ఒక మాట ఇచ్చి, ఆ మాట తప్పి ఓటు వేసిందని నేను నమ్ముతూ పెరిగాను.

మా ఊరు పెనుకొండకు నడిచి వెళ్లగలిగినంత దూరం. ఊళ్లో భూమంతా ఒకే ఇంటివాళ్లది. ఆ ఇంటిని పెద్దిల్లు అనేవాళ్లు, ఇంటి యజమానిని పెద్దాయన అనేవాళ్లు. మా నాయన ఆయన భూమినే గుత్తకు చేసేవాడు. ఆయన బావి నీళ్లే మా మడికి పారేవి. నాయన తలపాగా చుట్టుకుని ఊరంతా తిరిగినా, పెద్దింటి మలుపు దగ్గరికి రాగానే అది ఆయన చంకలోకి వచ్చేది. అలా ఎందుకు తీస్తావని అడిగితే, "ఉక్కగా ఉండాది" అనేవాడు. చలికాలంలో కూడా అదే జవాబు.

అమ్మ తమ్ముడు, నాకు మామ, పెద్దింటి బండి తోలేవాడు. ఒకనాడు వాగులో బండి ఒరిగి ఎద్దు కాలు విరిగింది. కావాలనే విరగ్గొట్టాడని పెద్దాయన మామను పశువుల కొట్టంలో గుంజకు కట్టేయించాడు. ఆ ఎద్దును కట్టే తాడుతోనే కట్టారు. నేను అమ్మతో పాటు సంగటి ముద్ద తీసుకుని వెళ్లాను. మామ నన్ను చూసి నవ్వబోయాడు, పెదవి పగిలి ఉంది. పెట్టడానికి వీల్లేదని కావలివాడు మమ్మల్ని వెనక్కి పంపాడు. నాయన ఆ రోజంతా ఇంటి వెనకే కూర్చున్నాడు. అమ్మ మాత్రం ముద్ద దించి, నన్ను పక్కింట్లో వదిలి, పెనుకొండ కోర్టుకు నడిచి వెళ్లింది. అక్కడ ఆమెకు ఎవరూ తెలియదు. నల్లకోటు వేసుకున్న మనిషి కనబడితే కాళ్ల మీద పడాలని మాత్రమే తెలుసు.

ఆమె కాళ్ల మీద పడిన మనిషి ఆ రోజు ఏదో వ్యాజ్యం కోసం హిందూపురం నుంచి వచ్చిన వకీలు. బక్కగా, మెడకు గుడ్డ చుట్టుకుని, దగ్గుతూ ఉండేవాడు. అమ్మ చెప్పిందంతా విని అమ్మతో పాటే జట్కాలో మా ఊరికి వచ్చాడు. పెద్దింటి గడప తొక్కలేదు. వీధిలోనే నిలబడి, ఊరు వినేలా మాట్లాడాడు.

"ఏమప్పా, వీని మీద కేసుంటే పోలీసులకు చెప్పుకో. లేదంటే ఇడ్సిపెట్టు. మనిషిని కట్టేసే హక్కు నీకు లేదు. నాకు లేదు. ఎవురికీ లేదు."

పెద్దాయనను ఏమప్పా అని పిలిచిన మనిషిని నేను చూడటం అదే మొదలు. జనం తలుపుల వెనక్కి జరిగారు. నేను అమ్మ కొంగులో మొహం పెట్టుకున్నాను, ఇప్పుడు ఇంకేదో జరుగుతుందని. ఏమీ జరగలేదు. మామను విప్పారు. మామ ఆ సాయంత్రమే రైలెక్కి ధర్మవరం వెళ్లి, ఒక సాలెవారింట్లో పట్టుకు రంగులద్దే పనిలో చేరాడు. మళ్లీ మా ఊరి మొహం చూడలేదు.

హక్కు అంటే ఏందమ్మా అని ఆ రోజు పడుకోబోయే ముందు అడిగాను. అమ్మ జట్కాలో వకీలును అదే అడిగిందట. "ఒకరు ఇచ్చేది కాదంట పాపా. పుట్టినప్పుడే ఎంబడి వస్తాదంట" అంది. అలాంటి మాట చెప్పినందుకు తనకే భయమైనట్టు దీపం ఆర్పేసింది.

ఆ తర్వాత పెద్ద ఎలక్షన్లు వచ్చాయి. నాకప్పుడు తొమ్మిదేళ్లు ఉంటాయి. తర్వాత వచ్చిన, కాగితం మీద ముద్ర వేసే పద్ధతి అప్పటికి లేదు. నిలబడిన ఒక్కొక్కరికి ఒక్కొక్క రేకు పెట్టె, దాని మీద వాళ్ల గుర్తు. గోనెపట్టా తెర వెనక పెట్టెలన్నీ వరసగా పెడతారు. ఓటరు చీటీ పట్టుకుని ఒంటరిగా తెర వెనక్కి వెళ్లి, తనకు నచ్చిన పెట్టెలో వేసి వస్తాడు. మా వైపు నిలబడినవాళ్లలో పెద్దాయన బావమరిది ఒకడు. ఆయనది తక్కెడ పెట్టె. రెండో ఆయన ఎవరనుకున్నారు, ఆ హిందూపురం వకీలే. ఆయనది సైకిలు పెట్టె.

అమ్మ ఆ కబురు విన్నప్పుడు చాటలో రాళ్లు ఏరుతూ ఉంది. చేతులు ఆగిపోయాయి. ఆమె మొహంలో ఏదో వెలిగింది. నాయన అది చూశాడు. "సంబరపడాకు. మన నీళ్లు యాటినుంచి వస్తాండాయో గెవనం పెట్టుకో" అన్నాడు. అమ్మ మళ్లీ రాళ్లు ఏరింది.

పెద్దాయన తెలివైనవాడు. మగవాళ్లతో ఆయనకు చిక్కు లేదు. వాళ్లను అరుగు దగ్గరికి పిలిచి, పళ్లెంలో కర్పూరం వెలిగించి, ఒక్కొక్కరి చేత ఆర్పించి ప్రమాణం చేయించుకున్నాడు. ఆయనను తికమక పెట్టింది ఆడవాళ్లు. ఆడదానికీ ఒక ఓటు, మొగుడి ఓటుతో సమానమైన ఓటు. అది తెర వెనక ఏం చేస్తుందో మొగుడికి కూడా తెలియదు. అందుకని ఆడవాళ్లను బిడ్డల్ని తీసుకుని రమ్మన్నాడు. మా వైపు అంతకు మించిన ఒట్టు లేదు. బిడ్డ తల మీద చెయ్యి పెట్టి చెప్పిన మాట తప్పితే ఆ బిడ్డ దక్కదు. ఇది నమ్మకం కాదు మాకు, ఎండలో నిలబడితే ఒళ్లు మాడుతుందన్నంత మామూలు సంగతి.

"మొదట మా ఇంటి కోడలే చెయ్యి పెడ్తుంది. మాకొక న్యాయం, మీకొక న్యాయం లేదు" అన్నాడు పెద్దాయన. ఆయన కోడలు తల వంచుకుని వచ్చి, మనవడి తల మీద చెయ్యి పెట్టి చెప్పింది. తర్వాత వరసగా అందరూ. మా వీధి చివర ఉండే గాజులామె, అదే, మలారం భుజాన వేసుకుని ఊరంతా గాజులమ్మే తురక సాయబుల ఇంటి కోడలు, తన ఒక్కగానొక్క కొడుకుతో నిలబడింది. పిల్లలు లేనివాళ్లు తాళి పట్టుకుని చెప్పారు.

మా వంతు వచ్చింది. అమ్మ చెయ్యి తడిగా ఉంది, చింతపండు వాసన వేసింది. ఆ చెయ్యి నా తల మీద రోజూ ఉండేదే. నూనె పెట్టేది, పేలు చూసేది, మొట్టేది. ఆ రోజు మాత్రం రోలు ఎత్తి పెట్టినట్టు బరువుగా పడింది.

"తక్కెడ పెట్టెలోనే ఏస్తాను. తప్పితే ఈ బిడ్డ నాకు దక్కకుండా పోనీ."

ఈ బిడ్డ అంటే నేనే. పళ్లెంలో కర్పూరం నల్లగా పొగ వదులుతోంది. పెద్దాయన నా వైపు చూసి, "మంచి పాప" అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది కానీ ఏడవడానికి భయమైంది.

ఓట్ల రోజు బడి వసారాలో తెర కట్టారు. లోపల బల్ల ముందు పెద్దింటి గుమాస్తా కూర్చున్నాడు, తక్కెడ తరఫు మనిషిగా. ఏ పెట్టెలో చీటీ పడితే ఏ చప్పుడు వస్తుందో ఆయనకు తెలుసని ఊళ్లో అనుకున్నారు. కాగితం పడితే చప్పుడేమిటని ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. అమ్మ తెర వెనక్కి వెళ్లింది. నేను వేపచెట్టు కింద నిలబడి, కొంగు అంచు కనబడుతుందేమోనని తెర కిందికి చూస్తున్నాను. ఆమె పాదాలు మాత్రమే కనబడ్డాయి. అవి చాలాసేపు కదల్లేదు. లోపలి నుంచి ఎవరో "బిర్నా రామ్మా" అని తొందరపెడుతూ కేక వేశారు.

బయటికి వచ్చినప్పుడు అమ్మ మొహం వెలవెలబోయి ఉంది. వేలి మీద సిరా చుక్క. ఇంటికి వెళ్తూ, "ఏ పెట్టెలో ఏసినావమ్మా?" అని అడిగాను.

"అడగాకు."

"తక్కెడలోనేనా?"

"గమ్మునుండు పాపా. అది ఎవురికీ చెప్పే మాట కాదు."

తక్కెడలో వేసి ఉంటే చెప్పేది కదా. చెప్పడానికి భయమేముంది? నా చిన్న బుర్రకు తోచింది అదొక్కటే. అమ్మ మామను విడిపించిన మనిషికి ఓటు వేసింది, నన్ను ఇచ్చేసింది. ఆ క్షణం నుంచి నేను చావడానికి సిద్ధమైన మనిషిలా బతికాను. బావి దగ్గరికి వెళ్లేదాన్ని కాదు. కుక్క కనబడితే వేరే వీధి పట్టేదాన్ని. అద్దం ముక్కలో కళ్ల కింద రెప్పలు లాగి ఎర్రగా ఉన్నాయో లేదో చూసుకునేదాన్ని. పనస తొన తిన్నా, గింజ గొంతులో అడ్డం పడుతుందేమోనని నాయనను విడగొట్టి ఇమ్మనేదాన్ని. అమ్మ మీద ప్రేమగా ఉండేది, అమ్మను చూస్తే భయంగానూ ఉండేది.

తక్కెడే గెలిచింది. అంతటితో అయిపోవాల్సింది. కానీ అప్పట్లో ఊరి పెట్టెలు ఊరిగానే లెక్కపెట్టేవాళ్లు. మా ఊరి సైకిలు పెట్టెలో కొన్ని చీటీలు ఉన్నాయని గుమాస్తా కబురు తెచ్చాడు. ఎక్కువ కాదు, చేతి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. పెద్దాయన గెలిచిన సంతోషం మరిచిపోయి ఊరందరినీ పిలిచాడు. అరుస్తాడనుకున్నాం. అరవలేదు.

"ఎవురేసినారని నేనడగను. అడగాల్సిన పని లేదు. బిడ్డలే చెప్తారు" అన్నాడు.

మరుసటి పొద్దు నుంచి పెద్దింటి అరుగు మీద పిల్లలందరికీ బొరుగులు, బెల్లం పంచడం మొదలుపెట్టాడు. ఎలక్షన్లో గెలిచిన సంతోషానికట. పిల్లలు పరుగెత్తేవాళ్లు. ఊరి పెద్దవాళ్లకు మాత్రం ఎందుకో తెలుసు. రాని బిడ్డ ఎవరో, ఎందుకు రాలేదో అరుగు మీద కూర్చున్న మనిషికి తెలిసిపోతుంది. అంత తియ్యటి కాపలా నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. అమ్మ రోజూ నాకు తల దువ్వి, మొహం కడిగి, తానే మలుపు దాకా తీసుకొచ్చి వదిలేది. నేను బెల్లం నోట్లో పెట్టుకుని, నమిలి, నవ్వి, ఆరోగ్యంగా కనబడి వచ్చేదాన్ని.

అలా కొన్నాళ్లు గడిచాక ఒక పొద్దున లేచేసరికి నాకు ఒళ్లు కాలిపోతోంది.

అమ్మ నా నుదురు తాకి చెయ్యి వెనక్కి లాక్కుంది. నాయనను చూసింది. నాయన గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "పంపించకపోతే ఎట్ల? పంపిస్తే ఎట్ల?" అని ఆయన అదే మాట అంటూ ఉన్నాడు. అమ్మ తడిగుడ్డతో నన్ను నిలువెల్లా తుడిచింది. మజ్జిగ తాగించింది. పెదవులకు నూనె రాసింది.

"పాపా, పోయి వంగి దండం పెట్టి, ఒడి పట్టి, వచ్చేసెయ్. వాళ్లు ముట్టుకోకుండా సూసుకో. తినమంటే రొంత నోట్లో ఏస్కో. దగ్గాకు."

"నేను సచ్చిపోతానామ్మా?"

"సావవు."

"ఒట్టు తప్పినావు గదా?"

అమ్మ నన్ను లేపి నిలబెట్టింది. ఇంటి నుంచి పెద్దిల్లు ఎంత దూరమో చెప్పలేను, ఆ రోజు నేల నా కాళ్ల కింద ఊగుతూ ఉంది. అరుగు ముందు పిల్లల వరసలో నిలబడ్డాను. ఎండ కళ్లలో గుచ్చుతోంది. ముందు నిలబడిన గాజులామె కొడుకు వెనక్కి తిరిగి నాకు నాలుక చూపించి ఆడించాడు. వంతు రాగానే ఒడి పట్టాను. పెద్దాయన చేరెడు బొరుగులు పోస్తూ ఆగాడు.

"ఏం పాపా, కండ్లు ఎర్రగా ఉండాయే?"

గుమాస్తా తల ఎత్తాడు. నా నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

"పచ్చి కట్టెలు సామీ. పొయ్యి ఊదినా."

ఆయన నన్ను ఇంకాసేపు చూశాడు. చెయ్యి నా చెంప వైపు వచ్చింది. నేను వంగి ఆయన కాళ్లకు దండం పెట్టాను. లేచేసరికి ఆయన వెనకవాడికి బొరుగులు పోస్తున్నాడు. మలుపు తిరిగాక అమ్మ చేతుల్లో పడ్డాను. బొరుగులన్నీ దుమ్ములో పడ్డాయి, ఇద్దరం కూర్చుని ఒక్క గింజ లేకుండా ఏరాం. పారబోసినట్టు ఎవరైనా చూస్తే అదొక సాక్ష్యం.

ధర్మవరంలో తమ్ముని భార్యకు నెలలు నిండాయని ఊళ్లో సాకు చెప్పి అమ్మ ఆ పూటే నన్ను పెనుకొండ స్టేషనుకు నడిపించుకుని వెళ్లింది. ఊరు దాటే దాకా నన్ను ఎత్తుకోలేదు. తొమ్మిదేళ్ల పిల్లను ఎత్తుకుంటే ఎందుకని అడుగుతారు. ఊరు కనుమరుగయ్యాక నేను కూలబడితే భుజాన వేసుకుంది. ఆమె ఎముకలు నా కడుపుకు గుచ్చుకోవడం గుర్తుంది. ధర్మవరంలో మామ ఉండే గది నిండా మగ్గమే. మగ్గం పక్కన చాప మీద నన్ను పడుకోబెట్టారు. మర్నాటికి మొహమంతా తట్టు పోసింది. వేపాకు పరిచారు. మామ మెల్లగా తలుపు మూసి వెళ్లేవాడు. పక్కనే మగ్గం ఆడుతూ ఉంటే, ఆ చప్పుడు ఆగినప్పుడు నేను చచ్చిపోతానని అనుకున్నాను. నేతగాడు తమలపాకు వేసుకోవడానికి ఆగిన ప్రతిసారీ అమ్మ చెయ్యి పట్టుకునేదాన్ని.

"నా తల గదమ్మా! నా తల మీద గదా చెయ్యి పెట్టినావు! నాకు కూడా చెప్పవా?" అని ఒకసారి అరిచాను.

"నువ్వు సావవు పాపా. నాకు తెల్సు."

"ఎట్ల తెల్సు?"

"తెల్సు" అంది. అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చావనని తెలిసిన మనిషి ఎందుకు ఏడుస్తుందో నాకు అర్థం కాలేదు.

నాకు తగ్గుముఖం పట్టే వేళకు నాయన వచ్చాడు. ఊరంతా తట్టు పోసిందట. పిల్లలందరినీ రోజూ ఒకచోట చేర్చిన ఆ బొరుగులే దాన్ని ఇంటింటికీ పంచి ఉంటాయి. పెద్దాయన మనవడికి కూడా పోసింది. బొరుగులు ఆగిపోయాయి. మనవడు తేరుకున్నాడు. గాజులామె కొడుకు పోయాడు. నాకు నాలుక చూపించిన పిల్లవాడు.

ఒకే ఊరు, ఒకే తట్టు. పెద్దింట్లో అది దిష్టి అయింది, ఎర్రనీళ్లతో దిగతుడిచారు. గాజులామె ఇంట్లో అది ఒట్టు తప్పిన పాపమైంది. ఆమె వీధిలో నిలబడి, నేను తక్కెడలోనే వేశానని గుండెలు బాదుకుందట. ఎవరూ తలుపు తీయలేదట. ఆమెను గాజులు తొడిగించుకోవడానికి కూడా ఎవరూ పిలవలేదు. వాళ్లు బత్తలపల్లి వైపు ఎక్కడికో వెళ్లిపోయారు. మేము కూడా తిరిగి వెళ్లలేదు. నాయన గుత్త వదిలేసి ధర్మవరంలోనే మూటలు మోశాడు.

నేను చదువుకున్నాను. ట్రైనింగ్ అయ్యాక హిందూపురంలో ఉద్యోగం వచ్చింది. నాయన పోయాక అమ్మను నా దగ్గరికి తెచ్చుకున్నాను. అమ్మ అందరు ఆడవాళ్లలా గుడికీ సంతకూ తిరిగేది కాదు, బజారులోకి రమ్మంటే కాళ్లు నొప్పులనేది. ఓట్లు వచ్చినప్పుడల్లా కడుపునొప్పి అనేది. ఒకసారి ఊరుకున్నాను. అరవైలు సగం దాటాక మళ్లీ ఎలక్షన్లు వచ్చినప్పుడు నా కోపం ఆగలేదు. పొయ్యి ముందు కూర్చున్న మనిషిని పట్టుకుని అరిచాను.

"బిడ్డను పణం పెట్టి ఓటేసినదానివి, ఇప్పుడు వీధి చివర బడి దాకా నడవలేవా? పిల్లలకు నీ కథ చెప్పకపోయినా నిన్ను తల్చుకునే కదమ్మా ఓటు గురించి చెప్తున్నాను!"

అమ్మ పొయ్యిలో కట్టె లోపలికి తోసింది.

"నేను సైకిల్లో ఏయలేదు పాపా."

నేను నిలబడిపోయాను.

"చీటీ సైకిలు పెట్టె మీద పెట్టినాను. చిల్లు దాకా తెచ్చినాను. నీ తల వెచ్చదనం ఇంకా చేతికి ఉన్నట్టే ఉండె. తక్కెడలో ఏసి వచ్చేసినా. నా తమ్ముణ్ణి ఇడిపించిన మనిషి, పాపం దగ్గుకుంటా మన ఊరికి వచ్చిన మనిషి. ఈ ఊర్లో ఒకసారి బస్టాండులో కనబడ్డాడు. మొగం సూపించలేక అరటిపండ్ల బండి ఎనక్కు పోయినాను."

అమ్మ బజారుకు ఎందుకు రాదో నాకు అప్పుడు తెలిసింది.

"మరి నన్నెందుకు దాచినావు? ఒట్టు తప్పలేదు కదా? నేను చావనని తెలుసన్నావు కదా?"

"నాకు తెల్సు. వాళ్లకెట్ల తెలుస్తాది? గాజులామె ఏమన్నా నమ్మించుకోగలిగిందా?"

ఆమె మొహం పొయ్యి మంటలో ఎర్రగా ఉంది. ఆ రోజు నేను స్కూలుకు సెలవు పెట్టాను. ఇన్నేళ్లుగా తలెత్తుకుని చెప్పిన జవాబు నా చేతిలో పొడి అయిపోయింది. ఓటు అమ్మకూ ఇచ్చారు. తెర కట్టారు. సిరా పెట్టారు. లోపలికి ఆమెతో పాటు నా తల కూడా వెళ్లింది, దాన్ని బయట పెట్టమని చెప్పే అధికారి ఎవరూ లేరు. ముందు వరసలో పెట్టాల్సింది ఓటు కాదు. మనిషిని గుంజకు కట్టేసినప్పుడు వీధిలో నిలబడి విప్పమనగలగడం, జ్వరం వస్తే జ్వరం వచ్చిందని చెప్పుకోగలగడం. అది లేనిచోట మిగతావన్నీ పుస్తకంలో ఉంటాయి. ఆ ముందు బెంచీ పిల్లను పిలిచి, నువ్వు చెప్పిందే సరి అని మర్నాడు చెప్పాను. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు, భయపడుతూ థాంక్స్ టీచర్ అంది.

ఓట్ల రోజు పొద్దున నేను అమ్మను పిలవలేదు. ఆమే ఉతికిన చీర కట్టుకుని వచ్చి నిలబడింది.

"ఇప్పుడు పెట్టెలు లేవంట కదా?"

"కాగితం ఒకటే. ముద్ర కొట్టి మడిచి వేయడమే. ఎవరికీ తెలియదు."

"గుమాస్తా?"

"ఉంటే బల్ల దగ్గర ఉంటాడు. తెర వెనక్కి రాడు."

"దేవుడు?"

"ఆయనకు మన వార్డులో ఓటు లేదమ్మా" అన్నాను. అమ్మ నవ్వింది. పంటికీ పంటికీ మధ్య సందు కనబడేలా నవ్వింది.

వరసలో మా ముందు ఎవరో పెద్దావిడ మనవరాలిని ఎత్తుకుని నిలబడింది. అమ్మ ఆ పాపను చూస్తూ ఉండిపోయింది. లోపలికి వెళ్లింది. ఈసారి తెర కింద పాదాలు కనబడలేదు, తెర నేల దాకా ఉంది. నేను బయట ఎండలో నిలబడి, తొమ్మిదేళ్ల పిల్లలా తెర వైపే చూశాను. త్వరగానే వచ్చింది. వేలు ఎత్తి సిరా చూపించింది. మొహం కళకళలాడుతోంది. దగ్గరికి వచ్చి, మురిపెంగా, ఆ చేతినే ఎత్తి నా తల మీద పెట్టబోయింది.

నేను గబుక్కున వెనక్కి తగ్గాను. తల పక్కకు తప్పించాను. అలా చేయాలని అనుకోలేదు, ఒళ్లే చేసింది.

అమ్మ చెయ్యి గాలిలో ఆగింది. నన్ను చూసింది. తర్వాత ఆ చేతిని మెల్లగా దించి కొంగు కింద దాచుకుంది. ఇద్దరం ఇంటికి నడిచి వచ్చాం. ఎవరికి వేసిందో నేను అడగలేదు.